ఫొటోల నుంచి త్రీడీ మోడల్: ఏది కొలత, ఏది ఊహ

ఏ యాప్ మంచిదని వెతికే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వస్తువు మీ చేతిలో ఉందా, లేక దాని ఫొటో మాత్రమే ఉందా?

వస్తువు ఉంటే చుట్టూ తిరిగి వంద ఫొటోలు తీయొచ్చు. ఒకే చుక్క వేర్వేరు ఫొటోల్లో ఎక్కడెక్కడ పడిందో చూసి, సాఫ్ట్‌వేర్ దాని అసలు చోటును లెక్కగడుతుంది. ఫొటోగ్రామెట్రీ అంటే ఇదే. ఒక్క ఫొటోనే ఉంటే, కెమెరాకు కనపడని వెనక భాగాన్ని ఏఐ తను అంతకుముందు చూసిన లక్షల మోడళ్ల అనుభవంతో ఊహించి నింపుతుంది. మొదటిది కొలత, రెండోది ఊహ. రెండూ స్క్రీన్ మీద ఒకేలా నిగనిగలాడుతూ కనిపిస్తాయి కాబట్టి తేడా తెలియదు, స్కేలు పెట్టి కొలిచినప్పుడే బయటపడుతుంది. వస్తువు ఎదురుగా ఉండగా ఒక్క ఫొటోతో కానిచ్చేయడం మాత్రం బద్ధకమే.

ఉదాహరణకు 20 సెంటీమీటర్ల ఎత్తున్న కొండపల్లి అంబారీ ఏనుగును తీసుకుందాం. ఒంటి మీది రంగుల చుక్కలు, గీతలు సాఫ్ట్‌వేర్‌కు బాగా అక్కరకొస్తాయి. కాళ్ల సందులు, అంబారీ కప్పు కింది చోటు, దాన్ని మోసే సన్నటి గుంజలు మాత్రం ఏడిపిస్తాయి. ఈ బొమ్మ సరిగ్గా వచ్చిందంటే మిగతా వస్తువులు చాలావరకు తేలికే.

ఫోన్‌ను ముందు అదుపులో పెట్టాలి

ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోన్ ప్రధాన కెమెరాను 1 ఎక్స్ దగ్గర వాడండి. అల్ట్రావైడ్ వద్దు. ఇక్కడ చాలామందికి తెలియకుండా జరిగే తప్పొకటుంది: వస్తువుకు బాగా దగ్గరగా వెళ్లగానే ఇప్పటి ఫోన్లు తమంతట తామే మాక్రోలోకి, అంటే అల్ట్రావైడ్ లెన్సులోకి మారిపోతాయి. సగం ఫొటోలు ఒక లెన్సుతో, సగం ఇంకో లెన్సుతో పడితే అమరిక, అంటే ఏ ఫొటో ఎక్కడి నుంచి తీసిందో సాఫ్ట్‌వేర్ తేల్చే పని, దెబ్బతింటుంది. సెట్టింగుల్లో ఆటో మాక్రో ఆపేయండి. పోర్ట్రెయిట్ మోడ్, ఫ్లాష్, ఫిల్టర్లు కూడా ఆపాలి. పోర్ట్రెయిట్ మోడ్ అంచులను కావాలని మసకబారుస్తుంది, మనకు కావాల్సింది ఆ అంచులే.

ఏనుగు మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ 100, వైట్ బ్యాలెన్స్ 5000 కెల్విన్ దగ్గర కదలకుండా ఉంచండి. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బుల వెలుగులో తీస్తుంటే షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ 1/250 పెడితే ఫొటోకు అడ్డంగా చారలు పడతాయి, అవే మోడల్ ఒంటి మీదికి ఎక్కుతాయి. 1/50కి చెయ్యి వణికితే పనికిరాదు కాబట్టి ట్రైపాడ్ వాడండి.

తీసిన ఫొటోలను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు కుదించుకుపోతుంది, ఫోకల్ లెంగ్త్ వివరం కూడా పోతుంది. సాఫ్ట్‌వేర్ లెక్క మొదలయ్యేదే ఆ వివరంతో. గత్యంతరం లేకపోతే డాక్యుమెంట్‌గా పంపండి.

వెలుతురు, దినపత్రిక

మబ్బు పట్టిన రోజున వరండా కంటే మంచి స్టూడియో లేదు. నేరుగా ఎండ పడితే నీడ కూడా రంగులో భాగమైపోతుంది. తర్వాత మోడల్‌ను ఎటు తిప్పినా కడుపు కింద ఆ నీడ అలాగే ఉంటుంది. గదిలో తీయాల్సివస్తే రెండు పక్కలా ఎల్‌ఈడీ ప్యానెళ్లు పెట్టి, వాటి ముందు ట్రేసింగ్ పేపర్ గానీ పలచటి తెల్ల గుడ్డ గానీ కట్టండి.

స్టూలు మీద దినపత్రిక పరిచి దానిపై ఏనుగును నిలబెట్టండి. వార్తల పేజీ అయితే మేలు. చిన్న అక్షరాలు, ఎక్కడా తిరిగి రాని నమూనా, సాఫ్ట్‌వేర్ పట్టుకోవడానికి అంతకంటే ఏం కావాలి! పక్కన స్టీలు స్కేలు పెట్టండి, కొలత కోసం అది తర్వాత అవసరపడుతుంది. తెల్లటి చార్టు మీద పెడితే ఫొటో అందంగా ఉంటుంది గానీ సాఫ్ట్‌వేర్‌కు పట్టు దొరకదు.

బొమ్మ చుట్టూ మీరు తిరగడం ఒక పద్ధతి, తిరిగే పళ్లెం మీద బొమ్మనే తిప్పడం ఇంకో పద్ధతి. రెండో దాంట్లో ఒక చిక్కుంది. బొమ్మ తిరుగుతుంటుంది, వెనకున్న గోడ, కిటికీ కదలవు. సాఫ్ట్‌వేర్ కదలని వాటినే నమ్మి, కెమెరా అసలు కదలలేదని తీర్మానిస్తుంది. ఫొటోలన్నీ ఒకే చోట కుప్పగా పడితే కారణం ఇదే. పళ్లెం వాడితే దినపత్రికను పళ్లెం మీదే, దానితో పాటు తిరిగేలా అంటించండి, వెనక మడతల్లేని ఒకే రంగు గుడ్డ కట్టండి.

ఫొటోలు తీసే వరస

బొమ్మకు అర మీటరు దూరంలో, దాని కంటి ఎత్తులో మొదటి చుట్టు. 15 డిగ్రీలకొకటి చొప్పున 24 ఫొటోలు. రెండో చుట్టు 30 డిగ్రీల పై నుంచి, మళ్లీ 24. మూడోది 60 డిగ్రీల పై నుంచి, 12 చాలు. పక్కపక్క ఫొటోల్లో 70 నుంచి 80 శాతం దృశ్యం ఒకటే ఉండాలి. బొమ్మ ఫ్రేములో వీలైనంత నిండాలి.

ఆ తర్వాత సందులు. అంబారీ కప్పు కింద, తొండం వెనక, కాళ్ల మధ్య, చెవుల వెనక. ఒక్కో చోటును కనీసం మూడు కోణాల నుంచి తీయాలి. ఒక్క ఫొటోలో మాత్రమే కనిపించిన చుక్కకు లోతు లెక్కగట్టే దారి లేదు. అర మీటరు నుంచి అమాంతం 20 సెంటీమీటర్లకు దూకొద్దు, మధ్య దూరంలో రెండు మూడు తీసుకుంటూ దగ్గరికి వెళ్లండి. లేకపోతే దగ్గరి ఫొటోలు వేరే గుంపుగా విడిపోతాయి.

చివరగా బొమ్మను పక్కకు పడుకోబెట్టి అడుగుభాగం కనిపించేలా ఇంకో చుట్టు. మొత్తం వంద చిల్లర అవుతాయి. కంప్యూటర్‌లో ఒక్కోటి పూర్తి సైజులో చూసి కదిలిపోయినవి తీసేయండి. మసక ఫొటో ఊరికే ఉండదు, దాని పక్కనున్న మంచి ఫొటోల లెక్కను కూడా తప్పుదారి పట్టిస్తుంది. వీడియో తీసి ఫ్రేములు విడదీస్తే తొందరగా అయిపోతుంది కానీ సగం ఫ్రేములు ఇలాంటి మసకవే వస్తాయి.

మాస్కులు, అమరిక

విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఎపిక్ గేమ్స్ వారి రియాలిటీస్కాన్ సరిపోతుంది. 2025 దాకా దాని పేరు రియాలిటీక్యాప్చర్. ఏడాది రాబడి 10 లక్షల డాలర్ల లోపు ఉన్నవాళ్లకు ఉచితం. ఓపెన్ సోర్సే కావాలంటే మెష్‌రూమ్ లేదా కోల్‌మ్యాప్ ఉన్నాయి. అలాంటి కార్డు లేనివాళ్లకు ఫోన్‌లో పాలీక్యామ్, కిరి ఇంజిన్ వంటి యాప్‌లు ఫొటోలను తమ సర్వర్లకు పంపి పని పూర్తిచేస్తాయి. ఇంటి లోపల తీసినప్పుడు వెనక ఏం కనబడుతోందో పంపేముందు చూసుకోండి.

బొమ్మను పడుకోబెట్టి కూడా తీశాం కాబట్టి ఇక్కడ మాస్కు తప్పనిసరి. మాస్కు అంటే బొమ్మ ఉన్నంత మేర తెలుపు, మిగతాదంతా నలుపు. ఇది లేకపోతే సాఫ్ట్‌వేర్ దినపత్రికనే నమ్ముకుని నిలబడ్డ ఏనుగునూ పడుకున్న ఏనుగునూ రెండు వేర్వేరు ఏనుగులుగా కడుతుంది. రియాలిటీస్కాన్ 2.0 నుంచి ఏఐ మాస్కింగ్ లోపలే ఉంది. మిగతావాటికి రెమ్‌బీజీ అనే ఉచిత సాధనం ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి చేసిపెడుతుంది. ఏఐ చేసింది కదా అని వదిలేయకండి, పది పన్నెండు మాస్కులు తెరిచి అంబారీ గుంజలు, దంతాలు, తోక చూడండి. సన్నటివాటిని నేపథ్యం అనుకుని కోసేయడం దానికి అలవాటు. మాస్కు అంచును మూడు నుంచి ఐదు పిక్సెళ్లు వెలుపలికి జరిపితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇప్పుడు అమరిక నడపండి. ఫలితంలో మొదట చూడాల్సింది ఏనుగును కాదు, కెమెరాలను. మీరు నడిచిన చుట్లు గుండ్రంగా, వరసగా కనిపించాలి. ఒకే గుంపులో 95 శాతం పైగా ఫొటోలు కూడితే ముందుకు వెళ్లొచ్చు. రెండు గుంపులుగా విడిపోతే కంట్రోల్ పాయింట్లు పెట్టాలి. కంటి మూల, నుదుటి మీది చుక్క, కప్పు కొస వంటి మూడు నాలుగు గుర్తులు ఎంచుకుని, ఒక్కోదాన్ని రెండు గుంపుల్లోనూ రెండు మూడు ఫొటోల్లో చూపించి మళ్లీ అమర్చండి. గుర్తులు ఒకే గీత మీద ఉండకూడదు, బొమ్మ అంతటా చెదిరి ఉండాలి.

అప్పటికీ కుదరకపోతే, ముఖ్యంగా రంగు వేయని నున్నటి పొణికి చెక్క లాంటివాటికి, పాత పద్ధతి గుర్తులు పట్టలేదని అర్థం. ఫొటోల మధ్య గుర్తులు పట్టడం నేర్చుకున్న సూపర్‌పాయింట్, లైట్‌గ్లూ అనే ఏఐ నెట్‌వర్కులను కోల్‌మ్యాప్‌కు జతచేస్తే అలాంటిచోట మెరుగ్గా జత కుదురుస్తాయి. వీటికి కొంత పైథాన్ వచ్చి ఉండాలి.

స్కేలు మీద 0, 100 మిల్లీమీటర్ల గీతల దగ్గర రెండు పాయింట్లు పెట్టి దూరం 0.1 మీటర్లని చెప్పండి. మాస్కులో స్కేలు మాయమైంది కదా అనొచ్చు. పాయింట్లను అసలు ఫొటోల మీదే చేత్తో పెడతాం కాబట్టి ఇబ్బంది లేదు. అయితే స్కేలును బొమ్మ నిలబడ్డ ఫొటోల్లోనే గుర్తించండి, పడుకోబెట్టినప్పుడు దాని చోటు మారిపోయింది.

తర్వాత బొమ్మ చుట్టూ సాఫ్ట్‌వేర్ చూపించే హద్దు పెట్టెను సరిచేసి మెష్, అంటే చిన్న చిన్న త్రిభుజాలతో అల్లిన ఉపరితలం, కట్టించండి. నార్మల్ వివరం చాలు. హై పెడితే గంటలు గడుస్తాయి, ఫోన్ ఫొటోల్లోని గరుకుదనం ఏనుగు చర్మం మీద మొటిమల్లా తేలుతుంది. వచ్చిన లక్షల త్రిభుజాలను ప్రింటు కోసమైతే 5 లక్షలకు, వెబ్‌లో పెట్టడానికైతే 50 వేలకు తగ్గించి, 2048 పిక్సెళ్ల టెక్స్చర్ (ఫొటోల నుంచి తీసిన రంగుల పూత) వేయించండి.

మెరిసేవాటి సంగతి

ఏటికొప్పాక లక్క బొమ్మ తీసుకుంటే పైన చెప్పినదంతా తలకిందులవుతుంది. మెరుపు బొమ్మకు అంటుకుని ఉండదు, మీరు జరిగినకొద్దీ అదీ జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ మెరుపునే గుర్తుగా పట్టుకుని గుంటలు తవ్వుతుంది. పైగా లేతు మీద తిప్పి చేసిన బొమ్మ అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. ఎడమ పక్క ఫొటో ఏదో, కుడి పక్కది ఏదో దానికెలా తెలియాలి? కాబట్టి ఇక్కడ మాస్కు వేసి అమర్చకూడదు. కింది దినపత్రిక ఆధారంగానే అమరిక జరగనివ్వండి, మాస్కును మెష్ దశలో మాత్రమే వాడండి. అడుగుభాగం రాదు. చదునైన అడుగే కాబట్టి తర్వాత మూసేయొచ్చు.

మెరుపు చంపడానికి గట్టి మందు క్రాస్ పోలరైజేషన్. లైటు ముందు పోలరైజింగ్ ఫిల్ము, లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టరు పెట్టి, మెరుపు మాయమయ్యే దాకా ఫిల్టరును తిప్పాలి. వెలుతురు బాగా పడిపోతుంది, ట్రైపాడ్ లేనిదే కుదరదు. టాల్కం పౌడరు చల్లితే ఆకారం వస్తుంది కానీ రంగులు పోతాయి. పాత వస్తువులకు, రంగు పెచ్చులూడుతున్నవాటికి పౌడరు జోలికి పోవద్దు.

ప్రింటు అక్కర్లేదు, తెర మీద తిప్పి చూపిస్తే చాలనుకుంటే గాసియన్ స్ప్లాటింగ్ మేలు. 2023లో ఫ్రాన్స్‌లోని ఇన్‌రియా పరిశోధకులు బయటపెట్టిన ఈ పద్ధతి ఉపరితలం కట్టదు, లక్షల కొద్దీ రంగు మరకలను గాలిలో పేర్చుతుంది. చూసే కోణాన్ని బట్టి రంగు మారే వీలు అందులోనే ఉంది కాబట్టి లక్క మెరుపు మెరుపులాగే ఉంటుంది. నెర్ఫ్‌స్టూడియో, పోస్ట్‌షాట్ కంప్యూటర్‌లో, స్కానివర్స్ ఫోన్‌లో ఈ పని చేస్తాయి. సాఫ్ట్‌వేర్ లెక్కను 7,000 దఫాలు దిద్దుకుంటే రూపం తెలుస్తుంది, 30,000కు పూర్తవుతుంది. చుట్టూ తేలే మచ్చలను సూపర్‌స్ప్లాట్ అనే బ్రౌజర్ ఎడిటర్‌లో చెరిపేయొచ్చు. అమరిక మాత్రం దీనికీ కావాలి. అక్కడ తప్పితే ఇక్కడా తప్పుతుంది.

ఒక్క ఫొటోనే ఉంటే

బొమ్మ విరిగిపోయింది, అమ్ముడుపోయింది, లేదా ఊహాచిత్రం మాత్రమే ఉంది. అప్పుడు దారి ఇది. మైక్రోసాఫ్ట్ వారి ట్రెల్లిస్ (2024 డిసెంబరు), టెన్సెంట్ వారి హున్‌యువాన్ త్రీడీ 2.0 (2025 జనవరి) రెండూ సొంత కంప్యూటర్‌లో నడుస్తాయి. ట్రెల్లిస్‌కు 16 జీబీ మెమొరీ ఉన్న ఎన్‌విడియా కార్డు కావాలి. హున్‌యువాన్‌కు ఆకారం వరకైతే 6 జీబీ, రంగులతో కలిపి 16 జీబీ. కార్డు లేకపోతే హగ్గింగ్ ఫేస్ సైటులోని డెమోలు బ్రౌజర్‌లోనే ప్రయత్నించొచ్చు. హున్‌యువాన్ లైసెన్సు యూరోపియన్ యూనియన్, బ్రిటన్, దక్షిణ కొరియాలకు వర్తించదు, అంటే అక్కడ వాడే అనుమతి లేదు. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్నవాళ్లు ట్రెల్లిస్ వైపు వెళ్లడమే క్షేమం.

ఫొటోను చతురస్రంగా, 1024 పిక్సెళ్లకు తగ్గకుండా కత్తిరించండి. నేపథ్యం తీసేసి పారదర్శక పీఎన్‌జీగా ఉంచండి. బొమ్మ ఫ్రేములో 80 శాతం నిండాలి, తోక గానీ కాలు గానీ తెగిపోకూడదు. పూర్తిగా ఎదురు నుంచి కాక, ముఖమూ ఒక పక్కా రెండూ కనిపించే ఏటవాలు కోణం నుంచి, కొంచెం ఎత్తులోంచి తీసింది అన్నిటికంటే మంచిది. ఎదురు ఫొటో ఇస్తే ఏనుగు పొడవెంతో ఏఐకి తెలియదు, దానికి తోచినంత పెడుతుంది. ముక్కు దగ్గర కెమెరా పెట్టి తీసిన ఫొటోలో తొండం ఉబ్బి కనిపిస్తుంది. ఆ ఉబ్బు నిజమనుకుని ఏఐ తలకాయను పెద్దది చేస్తుంది. మీటరున్నర దూరం నుంచి 2 ఎక్స్ జూమ్‌లో తీసిన ఫొటో ఉంటే అది ఎంచుకోండి.

ట్రెల్లిస్‌లో మొదటిసారి ఏ మీటా కదపకుండా నడపండి. నచ్చకపోతే సీడ్ సంఖ్యను (ఊహ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే అంకె) మార్చి మూడు నాలుగు సార్లు చూడండి, వెనక భాగం ప్రతిసారీ వేరేలా వస్తుంది. అది ఊహ అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. హున్‌యువాన్‌లో ఆక్ట్రీ రిజల్యూషన్‌ను (ఆకారాన్ని ఎంత చిన్న గడులుగా విడగొట్టాలన్నది) 256 నుంచి 384కు పెంచితే గుంజలు, దంతాలు విడివిడిగా రావడానికి అవకాశం ఎక్కువ, మెమొరీ కూడా అంతకంతా తింటుంది. అంబారీ కప్పుకూ ఏనుగు వీపుకూ మధ్య ఖాళీ పూడిపోయి ఒకే ముద్దగా రావడం మామూలే. వెనక్కి తిప్పితే అక్కడ రెండో ముఖం కనిపించడం కూడా వింతేం కాదు. ముందు, వెనక, పక్కల ఫొటోలు దొరికితే హున్‌యువాన్ బహుళ ఫొటోల రకానికి ఇవ్వండి, ఊహ చాలా తగ్గుతుంది.

ఇక పోయినవాళ్ల ఫొటో నుంచి విగ్రహం. ఈ కోరిక చాలామందికి ఉంటుంది, ఏఐ మోడళ్లు తేలిపోయేదీ ఇక్కడే. ముఖం దగ్గర ఇసుమంత తేడా వచ్చినా ఇంట్లోవాళ్లకు అది వేరే మనిషే. పూర్తి విగ్రహం కంటే ఉబ్బెత్తు పలక చేయండి. డెప్త్ ఎనీథింగ్ వీ2 లాంటి మోడల్‌తో లోతు చిత్రం (దగ్గరిది తెల్లగా, దూరంది నల్లగా ఉండే చిత్రం) తీసి, బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లేస్ మాడిఫయర్‌తో 100 మిల్లీమీటర్ల పలక మీద 4, 5 మిల్లీమీటర్ల ఎత్తు లేపితే పోలిక నిలుస్తుంది. లోతు చిత్రాన్ని 16 బిట్లలో సేవ్ చేయాలి. 8 బిట్లలో 256 మెట్లే ఉంటాయి కాబట్టి చెంపల మీద మెట్లు తేలతాయి.

బ్లెండర్‌లో శుభ్రం, తర్వాత ప్రింటు

ఏ దారిన వచ్చిన జీఎల్‌బీ (త్రీడీ మోడల్) ఫైలైనా టెక్స్చర్ అతుకుల దగ్గర చీలి ఉంటుంది. కంటికి కనపడదు, ప్రింటు సాఫ్ట్‌వేర్ మాత్రం రంధ్రాలంటుంది. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని మెర్జ్ బై డిస్టెన్స్ చేయండి. ఆ తర్వాత షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే లోపలికి తిరిగిన త్రిభుజాలు బయటికి తిరుగుతాయి. ఇంకా రంధ్రాలుంటే నాన్ మానిఫోల్డ్ ఎంపిక వాటిని చూపిస్తుంది. చిన్నవి నింపండి. మరీ అధ్వానంగా ఉంటే వాక్సెల్ రీమెష్ (మోడల్‌ను చిన్న గడులతో మళ్లీ కట్టేది) 0.3 మిల్లీమీటర్లతో మొత్తం ఒకే గట్టి ముద్ద చేయొచ్చు, రంగులు పోతాయి. ఒకే రంగులో ప్రింటు తీసేవాళ్లకు ఫరవాలేదు.

పాదాల అడుగును బైసెక్ట్‌తో చదునుగా కోయండి. ఎత్తును 200 మిల్లీమీటర్లకు సరిచేశాక, పొడవును అసలు బొమ్మతో పోల్చండి. ఫొటోగ్రామెట్రీ మోడలైతే తేడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండాలి, అంతకు మించితే అమరికకు వెనక్కి వెళ్లాలి. ఒక్క ఫొటో మోడలైతే పొడవు ఎలాగూ కలవదు, అసలు కొలత తెలిస్తే ఆ దిశలో సాగదీయండి.

ప్రింటరుకు 0.4 మిల్లీమీటర్ల నాజిల్ (ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) ఉంటే 1.2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉన్న గుంజలు, దంతాలు విరుగుతాయి. స్కల్ప్ట్ మోడ్‌లో ఇన్‌ఫ్లేట్ బ్రష్‌తో కొద్దిగా లావు చేయండి. పొర మందం 0.12 మిల్లీమీటర్లు పెడితే ముఖం తేరుతుంది. అంబారీని ఏనుగు నుంచి వేరుచేసి విడిగా ప్రింటు తీసి అతికించడం తెలివైన పని. కలిపి తీస్తే కప్పు కింద నిండిన సపోర్టు (ప్రింటరు కట్టే తాత్కాలిక ఆసరా) పీకేటప్పుడు గుంజలు కూడా ఊడి వస్తాయి.

ప్రింటుకు పంపే ఎస్‌టీఎల్ ఫైలులో కొలత యూనిట్లుండవు. బ్లెండర్ మీటర్లలో రాసిన 0.2ను స్లైసర్ (మోడల్‌ను పొరలుగా కోసే ప్రింటు సాఫ్ట్‌వేర్) 0.2 మిల్లీమీటర్లుగా చదివి, ప్లేటు మీద ఏమీ కనిపించడం లేదేమిటని మిమ్మల్ని వెతికిస్తుంది. ఎగుమతి చేసేటప్పుడే స్కేల్ 1000 పెట్టండి.